స్వచ్ఛందంగా హాజరు కానివారిపై చర్యలు తీసుకోబడును

"సిబ్బంది అందరూ ఆదివారం ఉదయం ఆరు గంటలకు శ్రమదానంలో స్వచ్ఛందంగా పాల్గొనవలెను. గైర్హాజరైనవారు సంజాయిషీ ఇచ్చుకోవలెను." ఈ బాణీ సర్క్యులర్ చూసి నవ్వే ఉద్యోగి తెలుగునాట ఇప్పుడు మిగల్లేదు. మొదటి వాక్యానికీ రెండో వాక్యానికీ పొత్తు కుదరదే అని అడిగేవాడు అసలే లేడు. అడిగినవాడికి మరుసటి ఆదివారం కూడా స్వచ్ఛందం పడుతుంది.

అలాంటి ఒక ఆదివారం ఎలా గడుస్తుందో చూడండి. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికురాలు తెల్లారకముందే రోడ్డు ఊడ్చేసి ఉంటుంది, అది ఆమె రోజూ చేసే పని. ఎనిమిదింటికి అధికారులు వస్తారు. రోడ్డు శుభ్రంగా ఉంది, ఏం ఊడుస్తారు పాపం! ఎవరో పక్కనున్న గంపలోంచి ఎండుటాకులు తెచ్చి మళ్లీ పోస్తారు. కొత్త చీపుర్లు పంచుతారు, కొన్నిటికి కట్టిన ప్లాస్టిక్ తాడు కూడా విప్పరు. అందరూ ఒకే వైపు వంగుతారు. ఫొటోలో ఊరూ, తేదీ, అక్షాంశ రేఖాంశాలూ పడాలి కాబట్టి నెట్‌వర్క్ వచ్చేదాకా వంగే ఉంటారు. ఫొటో యాప్‌లోకి ఎక్కగానే నడుములు లేస్తాయి. ఆకులు అక్కడే ఉంటాయి. ఆ తర్వాత వాటిని ఎత్తిపోసేది పొద్దున్న ఊడ్చినామే. ఆమె ఫొటోలో ఉండదు. ఆమెది జీతం పని కదా, సేవ కాదు. ఆ జీతమైనా నెలనెలా వస్తే!

ప్రజల చేత ప్రభుత్వమే సేవ చేయించడం మనకు 1997 జనవరి 1న జన్మభూమితో పండగ స్థాయికి ఎక్కింది. దక్షిణ కొరియాలో 1970లో పార్క్ చుంగ్ హీ మొదలుపెట్టిన సేమౌల్ ఉండాంగ్ దానికి ఆదర్శమన్నారు. పార్క్ సైనిక పాలకుడు. ఆయన దగ్గర స్వచ్ఛందానికి 'వద్దు' అనే గడి ఉండేది కాదు. మనది ప్రజాస్వామ్యం గనుక ఆ గడి పెట్టాం, టిక్కు మాత్రం పై ఆఫీసులోనే పెడతారు. అదే 1997లో ఇంకోటి కూడా జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాకొట్టు మూయించి రాష్ట్రమంతా అంటించిన నిప్పుకు 1993లో సారా, 1995లో మొత్తం మద్యమే నిషేధమైతే, ఆ నిషేధాన్ని ఎత్తేశారు. జనం ఎవరూ చెప్పకుండా చేసిన ఉద్యమం అటు పోయింది, ప్రభుత్వం చెప్పి చేయించే ఉద్యమం ఇటు వచ్చింది. ఒకే ఏడాదిలో ఇంత చక్కటి బదలాయింపు ఏ రిజిస్ట్రారు ఆఫీసులోనూ జరిగి ఉండదు.

అప్పటి ఆడవాళ్ల సంఘటిత శక్తి వృథా పోకూడదని డ్వాక్రా సంఘాలను పెంచి పెద్దచేశారు. పొదుపు చేశారు, అప్పు తెచ్చారు, తీర్చారు. బ్యాంకులకు పెద్దపెద్ద కంపెనీల కంటే వీళ్లే నమ్మకమైన ఖాతాదారులయ్యారు. అందులో వెటకారం ఏమీ లేదు. వెటకారమంతా సభ రోజున ఉంది. ముఖ్యమంత్రి వస్తున్నారంటే సంఘానికి ఇంతమంది అని లెక్క వస్తుంది, వాడలోకి బస్సు వస్తుంది, చేతికి పులిహోర పొట్లమూ నీళ్ల ప్యాకెట్టూ వస్తాయి. రాకపోతే లోను గుర్తుకు వస్తుంది. కలెక్టరేట్లో సారా వేలంపాట ఆపించిన చేతులే ఇప్పుడు చప్పట్లకు పనికొస్తున్నాయి. పార్టీ ఏదైనా పొట్లం మారదు, బస్సు మారదు, చివరికి ఆ షామియానా వేసేవాడు కూడా మారడు.

ఇక 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో అవతరించిన వాలంటీరు గురించి చెప్పుకోవాలి. లోకంలో ఎక్కడా లేని జీవి ఇది. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు అయిదు వేలు గౌరవ వేతనం, మొత్తం రెండున్నర లక్షల పైచిలుకు మంది. ఒకటో తారీఖు కోడికూతకు వేలిముద్ర యంత్రంతో గుమ్మంలో నిలబడి అవ్వకు పింఛను ఇచ్చిన మాట నిజం. మంచానపడ్డ తాతకు ఆ అబ్బాయి దేవుడిలా కనబడ్డ మాటా నిజమే. మంచి పని చేశాడు. కానీ అది ఉద్యోగం. ఉద్యోగమంటే జీతం ఇవ్వాలి, పీఎఫ్ కట్టాలి, సెలవివ్వాలి. అందుకే దానికి సేవ అని పేరు పెట్టారు. సేవ అనేస్తే కనీస వేతనాల చట్టం కూడా గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడుతుంది.

2021 ఫిబ్రవరిలో ఈ పిల్లలు అయిదు వేలు చాలడం లేదని రోడ్డెక్కారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు వారికి ఉత్తరం రాశారు. సారాంశం: నాయనా, ఇది ఉద్యోగం కాదు, సేవ. ఆ ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని బిరుదులు వచ్చాయి, పది, ఇరవై, ముప్ఫై వేల నగదుతో, శాలువాతో, బ్యాడ్జితో. అడిగింది జీతం, కప్పింది శాలువా. దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు రెండు వందలు ఇచ్చే జీవో కూడా తెచ్చారు. ఏ పత్రిక కొంటారన్నది వారి స్వచ్ఛందమే! ఆ స్వచ్ఛందం ఎంత చిక్కనైనదో, పోటీ పత్రిక వారు కోర్టుకెక్కితే విజయవాడ దగ్గర పుట్టిన ఆ వ్యాజ్యం ఢిల్లీ హైకోర్టుదాకా వెళ్లింది.

అసలు వినోదం 2024లో. మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టమంది. నిస్వార్థ సేవకుడు ఓటరును ప్రభావితం చేస్తాడన్న అనుమానం ఎలా వచ్చిందో మరి! ఏప్రిల్ ఎండలో ముసలివాళ్లు సచివాలయాల ముందు బారులు తీరారు. ఆ ఎండకు పోయిన ప్రాణాల మీద నువ్వు చంపావంటే నువ్వు చంపావని రెండు పార్టీలూ తిట్టుకున్నాయి. వేలమంది వాలంటీర్లు స్వచ్ఛందంగా రాజీనామా చేసి ప్రచారంలోకి దిగారు. అటు తెలుగుదేశం వారు, అధికారమిస్తే అయిదు కాదు పది వేలిస్తామన్నారు. జూన్‌లో ప్రభుత్వం మారింది. రాజీనామా చేసినవాళ్లలో కొందరు తమను బలవంతంగా చేయించారని పోలీసుస్టేషన్లకు వెళ్లారు. మిగిలినవాళ్లు పదివేల కోసం ఎదురుచూశారు. చూడగా చూడగా తేలిందేమంటే, 2023 ఆగస్టు తర్వాత వారి కొనసాగింపు జీవోయే లేదట. అంటే అప్పటినుంచీ వాళ్లు లేరు. ఇంటింటికీ తిరిగింది, తిట్లు తిన్నది ఎవరో, ఎన్నికల సంఘం దూరం పెట్టింది ఎవరినో! లేని మనుషులకు పది వేలేమిటి, పది లక్షలైనా హాయిగా హామీ ఇవ్వచ్చు.

ఇప్పుడు కాలం మారింది. పేదవాడి గుమ్మానికి సాయం పంపే బాధ్యత ప్రభుత్వం నెత్తిమీద నుంచి దించి డబ్బున్నవాడి నెత్తికి ఎత్తారు. 2025 ఉగాదికి మొదలైన పీ-4లో పైనున్న పది శాతం మంది అడుగున్న ఇరవై శాతాన్ని దత్తత తీసుకోవాలి. ఇచ్చేవాడు మార్గదర్శి, పుచ్చుకునేది బంగారు కుటుంబం. ఆ ఏడు ఆగస్టు 15 నాటికి పదిహేను లక్షల కుటుంబాలని లక్ష్యం పెట్టారు. దయకు లక్ష్యాలు పెట్టడం, గడువు పెట్టడం మన పాలనారంగానికి ఎనలేని చేర్పు. లక్ష్యం ఉన్నచోట జిల్లాకింత అని కోటా ఉంటుంది, కోటా ఉన్నచోట మండలాధికారి ఉంటాడు, మండలాధికారికి ఎదురుగా ఎప్పుడూ దొరికే ధనవంతుడు ఒక్కడే: బడిపంతులు. ఉపాధ్యాయ సంఘాలు మొత్తుకున్నాక ఇది పూర్తిగా స్వచ్ఛందమేనని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. నిజంగా స్వచ్ఛందమైన పనికి వివరణ ఇచ్చుకున్న ప్రభుత్వం నాకు ఇంతవరకు తగల్లేదు.

సరే, ఇంత సేవాతృష్ణ ఉన్న ప్రభుత్వాలు తమంతట తామే వచ్చి సేవ చేసేవాళ్లను చూస్తే పొంగిపోవాలి కదా. 2020 ఏప్రిల్‌లో పొంగాయి కూడా. కోవిడ్ ముంచుకొచ్చిన వేళ నీతి ఆయోగ్ తొంభై రెండు వేల స్వచ్ఛంద సంస్థలకు సాయం చేయమని లేఖ రాసింది. అదే ఏడు సెప్టెంబరులో అదే సంస్థల విదేశీ విరాళాల చట్టాన్ని బిగించారు. ఒకరు తెచ్చిన నిధిని ఇంకొక చిన్న సంస్థకు ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చు యాభై శాతం నుంచి ఇరవైకి దిగాలి. విదేశం నుంచి వచ్చే ప్రతి రూపాయీ ముందు ఢిల్లీలో సంసద్ మార్గ్ స్టేట్‌బ్యాంకు శాఖలోనే దిగాలి. కళ్యాణదుర్గంలో బావి తవ్వించాలన్నా డబ్బు పార్లమెంటుకు ఒక నమస్కారం పెట్టుకునే రావాలన్నమాట.

అనంతపురం వాళ్లకు ఇది కథ కాదు. మహారాష్ట్రలో రైతుల పక్షాన నిలబడ్డందుకు 1968లో దేశం దాటించిన విన్సెంట్ ఫెర్రర్ మరుసటేడు తిరిగొచ్చి ఆ కరవు జిల్లాలో కూర్చున్నాడు. ఆయన పెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇళ్లు కట్టింది, బళ్లు పెట్టింది, బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టింది. కోవిడ్‌లో ప్రభుత్వమే ఆ ఆసుపత్రిని రోగులకు అడిగి వాడుకుంది. 2025లో దాని విదేశీ విరాళాల అనుమతి దగ్గర బండి ఆగింది. పాలకపక్షమూ ప్రతిపక్షమూ కలిసి ఢిల్లీని వేడుకున్న అరుదైన దృశ్యం అనంతపురంలో కనబడింది. జనం వీధుల్లోకి వచ్చారు. ఈ ఊరేగింపుకు మాత్రం ఎవరూ బస్సులు పెట్టలేదు.

విదేశీ సొమ్మంటే అంత పట్టింపు ఉండడం మంచిదే. 2014లో ఢిల్లీ హైకోర్టు, వేదాంత కంపెనీల నుంచి విరాళాలు పుచ్చుకుని బీజేపీ, కాంగ్రెస్ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని అతిక్రమించాయని తేల్చింది. చట్టం నిప్పు కదా, ఏం చేశారనుకుంటున్నారు? 2016లోనూ 2018లోనూ ఆర్థిక బిల్లుల్లో పెట్టి చట్టాన్నే సవరించారు, రెండోసారి 1976 ఆగస్టు 5 నుంచే వర్తించేట్టు. నలభై రెండేళ్ల వెనక్కి వెళ్లి తప్పును ఒప్పు చేసుకుని వచ్చారు. రిటర్ను ఆలస్యమైన పల్లెటూరి సంస్థకు మాత్రం ఇలాంటి కాలయంత్రం ఎక్కే వీలు లేదు.

సేవకు అనుమతుల గొడవ ఇప్పటిది కాదు. నిజాం ఏలుబడిలో గస్తీ నిషాన్ తిర్పన్ అని ఒక ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే ముందు అనుమతి. అయినా తెలంగాణలో ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. కృష్ణ ఇవతల 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిరిగాయి. వాళ్లెవరికీ బ్యాడ్జి లేదు. తర్వాత ప్రభుత్వం గ్రంథాలయాలను చట్టం కిందికి తెచ్చి, ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సు పెట్టింది. సెస్సు మనం కడుతున్నాం. పురపాలక సంఘాలు వసూలు చేస్తున్నాయి. గ్రంథాలయ సంస్థలు మాత్రం బకాయిలిప్పించండి మహాప్రభో అని తిరుగుతుంటాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

బ్యాడ్జి లేనివాళ్లు ఇప్పుడూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. వాలంటీర్లు ఉండి ఉంటే ఇలా అయ్యేదా అని ఒక పార్టీ, ఉండి ఏం ఊడబొడిచేవాళ్లని ఇంకో పార్టీ టీవీల్లో కొట్టుకుంటున్నాయి. ఈలోగా ఎవరూ పిలవని కుర్రాళ్లు నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వంటలు వండి ఆటోల్లో పంపారు. వాళ్లు ఏ పోర్టల్లో నమోదయ్యారో, వండిన అన్నంలో ఆఫీసు ఖర్చు ఇరవై శాతం దాటిందో లేదో, ఫొటో యాప్‌లోకి ఎక్కిందో లేదో ఇప్పటికీ ఎవరూ విచారించలేదు. ఫైలు ఎక్కడో నడుస్తూనే ఉండి ఉంటుంది.