ఫోర్ బై ఫోర్ బాబాయి

చిక్కడపల్లిలో ప్రతి రెండు వీధులకూ ఒక ఫోర్ బై ఫోర్ బాబాయి ఉంటాడు. అశోక్‌నగర్‌లో ఇంకొంచెం ఎక్కువ. నారాయణగూడలో ఫ్లైఓవర్‌కి అటొకరు, ఇటొకరు. ఆయన్ని గుర్తుపట్టాలంటే మనిషిని చూడనక్కర్లేదు, అపార్ట్‌మెంట్ గేటు పక్కన బండిని చూస్తే చాలు. పాత టాటా సఫారీ, 2011 మోడలు, నంబరు ఇంకా ఏపీ 09 తోనే మొదలవుతుంది. వెనక తలుపుకి స్పేర్ టైరు, టైరుకి కవరు, కవరు మీద మంచుకొండల బొమ్మ. పైన సామాను కట్టుకునే క్యారియర్. దాని మీద ఎక్కిన సామానల్లా ఎదురింటి కొబ్బరిచెట్టు రాల్చిన మట్టలే.

బాబాయి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నది ఒకే ఒక్క పనికి: లడఖ్. అక్కడి ఉమ్లింగ్ లా కనుమ ఎత్తెంత అని నిద్రలో లేపి అడిగినా 19,024 అడుగులని చెప్పి మళ్లీ పడుకుంటాడు. బండి మాత్రం ఇప్పటిదాకా ఎక్కిన పెద్ద ఎత్తు ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి. రెండుంబావు కిలోమీటర్లు. ఆర్టీసీ క్రాస్‌ రోడ్స్ దగ్గర అది మెట్రో లైనుకి కూడా పైనుంచి పోతుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి బాబాయి అద్దం దించి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాడు. ఆక్సిజన్ తగ్గిందని నోటితో అనడు, అంత మొహమాటం మిగిలే ఉంది.

మామూలు రోజుల్లో బండి కదలదు. కదిలిస్తే జాగా పోతుంది. ఈ పేటల్లో పార్కింగ్ జాగా సంపాదించడం కన్నా గ్రూప్-1 కొట్టడం తేలికని ఆయన అభిప్రాయం. అందుకే నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ తినాలన్నా చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి తర్వాతి స్టేషన్లో దిగుతాడు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి కింద వాచ్‌మన్ పిల్లిపిల్లలు హాయిగా పెరుగుతుంటాయి.

2020 అక్టోబరు వానలకి ఊళ్లో సగం పేటలు నీళ్లలో నానుతుంటే, ఈ బండి పుట్టింది ఈ రోజు కోసమే అనుకుంది వీధి వీధంతా. బాబాయి తాళంచెవితో దిగాడు. నీళ్లవైపు చూశాడు, బండివైపు చూశాడు. తీసుకెళ్లి ఎత్తుగా ఉన్న పక్కవీధిలో పెట్టి, మోకాళ్లలోతు నీళ్లలో నడిచి ఇంటికొచ్చాడు.

ఈ జాతి మనుషులందరికీ ఉండే లక్షణం ఒకటి చెప్పాలి. వీళ్లు ప్రయాణం వాయిదా వేశామని ఎప్పుడూ అనరు, బండి తయారవుతోందంటారు. మొదట బ్యాటరీ. తర్వాత క్లచ్చి. తర్వాత ఏసీ గ్యాసు, లడఖ్‌లో దాని అవసరమేమిటో నాకైతే అర్థం కాలేదు. ఈ ఏడాది వంతు షాకప్‌లది.

షాకప్‌ల సంగతి బయటపెట్టింది పిన్నిగారు. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి ఏదో పండగనాడు బతిమాలి బండిలో తీసుకెళ్లాడు. గట్టిగా అర కిలోమీటరు. దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా ముందు చక్రాల్లో టక్కుమని చప్పుడు, ఆ తర్వాత నాలుగైదు ఊపులు. గుడి దగ్గర దిగి నడుం పట్టుకుని ఆవిడ అన్నది: "ఏమండీ, ఇది కారు కాదు, జాతరలో రంగులరాట్నం. తిరుగు ప్రయాణం నాకు ఆటో చాలు."

అంతే, బాబాయి చదువు మొదలుపెట్టాడు. నిజం చెప్పొద్దూ, విషయం బాగానే పట్టాడు. బండి బరువు మోసేది షాకప్ కాదు, స్ప్రింగు. ఈ సఫారీకి వెనక చుట్ట స్ప్రింగులుంటాయి. ముందుమాత్రం టార్షన్ బార్ అనే పొడుగాటి ఉక్కు కడ్డీ మెలిపడుతూ ఆ పని చేస్తుంది. గుంతలో పడి లేచిన స్ప్రింగు తనంతట తాను ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపడం షాకప్ పని. లోపల నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి దారులు. నూనె వాటిలోంచి కష్టపడి దూరుతుంటే ఊపు కాస్తా వేడిగా మారి గాల్లో కలుస్తుంది. సీలు అరిగి నూనె కారిపోయిందంటే బ్రేకు వేయగానే బండి ముక్కు నేలకు వంగుతుంది, టైర్లు అక్కడక్కడా గుంటలు పడి అరుగుతాయి, చక్రం రోడ్డును సరిగ్గా పట్టుకోక ఆగాల్సిన చోట బండి ఆగదు కూడా. దీనికి లడఖ్ రాళ్లే కావాలని లేదు, మన స్పీడ్‌బ్రేకర్లు చాలు.

ఇంత తెలిశాక మనిషి ఊరికే ఉండగలడా? బండి మూల గట్టిగా నొక్కి వదిలితే, షాకప్ బాగుంటే ఒకసారి లేచి నిలబడుతుంది, లేకపోతే ఊగుతుంది. పాత పరీక్షే, బరువైన బండ్లకి అంత నమ్మకమైనదీ కాదు. బాబాయి సెల్లార్లో ఉన్న అందరి కార్లకూ చేసేశాడు. మూడో అంతస్తు డాక్టరుగారి కొత్త కారు అలారం మోగి, అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించేదాకా ఆగలేదు.

సాయంత్రాలు అశోక్‌నగర్ టీకొట్ల దగ్గర ఉపన్యాసం. సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి కళ్లు నులుముకుంటూ వచ్చిన కుర్రాళ్లు శ్రోతలు. ఆస్ట్రేలియా ఓల్డ్ మ్యాన్ ఎము మంచిదా, జర్మనీ బిల్‌స్టైన్ మంచిదా, నూనెదా, గ్యాసుదా? ఒక కుర్రాడు పుస్తకం మూయకుండానే అడిగాడు, "అంకుల్, ఇది జనరల్ స్టడీస్‌లో వస్తుందా?" పాపం, వాళ్లకు వాళ్ల తయారీ. 2022 నోటిఫికేషన్ గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో కొత్త నోటిఫికేషన్ వచ్చి, పరీక్ష కూడా జరిగింది. బాబాయి లడఖ్‌కు ఇంకా నోటిఫికేషనే పడలేదు.

చివరికి మెకానిక్ షెడ్డు. ఉస్తాద్ బండి కింద దూరి ఒక నిమిషంలో బయటికొచ్చాడు.

"సార్, ముందర ఇంత ఎవరు లేపిన్రు?"

బాబాయి కొంచెం గర్వంగానే, "నేనే చెప్పి లేపించాను. టార్షన్ బార్ బోల్టు బిగిస్తే ఎత్తు పెరుగుతుంది కదా, రాళ్లు తగలకుండా" అన్నాడు.

"లేపితే షాకప్ ముందుగాల్నే సాగి కూసున్నది సార్. స్పీడ్‌బ్రేకర్ దిగంగ చక్రం కిందికి పోనీకి జాగ లేదు. గదే మీ టక్కు. వెనక రెండు నూనె కారి ఖతమే, ముందరవి మాత్రం మీరే సంపిన్రు."

ఊరంతటికీ పాఠం చెప్పిన మనిషికి ఈ ఒక్క పేజీ మిస్సయింది. వీధిలో బండి ఠీవిగా కనపడాలని పెంచిన రెండు వేళ్ల ఎత్తు పిన్నిగారి నడుం మీద పడింది. బాబాయి ఒక్క మాటా అనకుండా పక్కకెళ్లి చాయ్ తాగొచ్చాడు.

ఎము లేదు, బిల్‌స్టైన్ లేదు. రాణిగంజ్ నుంచి నాలుగు గేబ్రియల్ షాకప్‌లు వచ్చాయి. ఒకటి పోయినా ఆ ఇరుసుకి రెండూ కలిపే మార్చాలి, లేకపోతే బండి ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా నడుస్తుంది. తుప్పుపట్టిన నట్లకు ముందురోజు సాయంత్రమే నూనె కొట్టి ఉంచారు. అయినా పై నట్టు విప్పబోతే కడ్డీతో సహా తిరిగింది. బాబాయి సంచిలోంచి తన టార్క్ రెంచి తీసి, లెక్క ప్రకారం ఎంత బిగించాలో చెప్పసాగాడు. ఉస్తాద్ మర్యాదగా దాన్ని అందుకుని బల్ల మీద పెట్టి, స్పానర్‌కి పైపు తగిలించాడు. కొత్త షాకప్‌ని నిలబెట్టి నాలుగైదుసార్లు నొక్కి లాగి లోపలి గాలి పోగొట్టాడు. వెనకవాటి కింది బుష్ బోల్టులు మాత్రం జాకీ దించి, బండి తన కాళ్ల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే బండి దిగినప్పుడు బుష్‌లోని రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందట. అది బాబాయికి తెలుసు, చెప్పబోయాడు, అప్పటికే అయిపోయింది. ఆఖర్న టార్షన్ బార్ బోల్టు వదులు చేసి ముక్కును పాత ఎత్తుకి దించాడు. అప్పుడు మాత్రం బాబాయి అటు తిరిగి నిలబడ్డాడు.

టక్కు పోయింది. పిన్నిగారు అదే బండిలో నారాయణగూడ దాకా వెళ్లి కూరగాయలు తెచ్చుకుని, నడుం సంగతే ఎత్తలేదు. ఇంతకు మించిన సర్టిఫికెట్ ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

పాత షాకప్‌లు నాలుగింటినీ బాబాయి షెడ్డులో వదల్లేదు. కడిగి బాల్కనీలో నిలబెట్టాడు. వచ్చినవాళ్లు అడుగుతారు, "లడఖ్ వెళ్లొస్తే పోయాయా బాబాయిగారూ?"

"లడఖ్ కోసమే పోయాయి" అంటాడు. అబద్ధం కాదు.

"మరి ఇక బయల్దేరడమేగా?"

"ఎక్కడయ్యా! అరిగిన షాకప్‌ల మీద తిరిగి టైర్లు గుంటలు పడ్డాయి. ముందు అవి మార్చాలి. ఏ కంపెనీవి మంచివో కనుక్కుంటున్నాను."