చచ్చిన ఇంజన్‌కు కారణం ఉండదట!

సైకిల్‌కి ఇంజన్ బిగించి వీధిలో రెండు చుట్లు కొట్టినవాణ్ణి మనం వెంటనే శాస్త్రవేత్తను చేసేస్తాం. లోకల్ చానల్ మైకు పెడుతుంది, చోటా నాయకుడు శాలువా కప్పుతాడు, "ప్రభుత్వం ప్రోత్సహిస్తే ఇంకా కనిపెడతాను" అంటూ ఆయన వినయంగా తల వంచుతాడు. నెల తిరక్కుండా ఇంజన్ పట్టేస్తుంది. ఇక అప్పటినుంచీ ఆయన శాస్త్రవేత్త కాదు, బాధితుడు. "చైనా సరుకన్నా, నేనేం చెయ్యను?" అంటాడు. అంటూనే ఫోన్ తీసి అదే చైనా సరుకును మళ్లీ ఆర్డర్ పెడతాడు.

ఈ రెండో ఆర్డర్ గురించే నా గోల. ఇంజన్ పోవడం నేరం కాదు. ఎందుకు పోయిందో చూడకుండా ఇంకోటి బిగించి దానికి రిపేరు అని పేరు పెట్టడం, పోయిన ప్రతి ఇంజన్‌నూ అనుభవం ఖాతాలో జమ వేసుకోవడం మాత్రం చూస్తూ ఊరుకోలేని తమాషా.

ముందు ఆయన కొన్న వస్తువును చూద్దాం. సైకిల్ ఫ్రేములో ఇరికించే ఈ టూ స్ట్రోక్ కిట్ల మీద అమ్మేవాళ్లు గర్వంగా 80 సీసీ అని రాస్తారు. సిలిండర్ బోరు 47 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 38. హైస్కూలు లెక్క కట్టినా 66 సీసీ నిండదు. మిగిలిన 14 సీసీ అట్టపెట్టెలో ఉండి ఉంటుంది, మనవాడు దాన్ని చూసుకోకుండా పారేశాడు. స్కేలు పెట్టి కొలిస్తే బయటపడే అబద్ధాన్నే పట్టుకోలేనివాడు ఆయిల్ కొలిచి పోస్తాడని ఆశపడటం మన అమాయకత్వం.

ఆయిల్ సంగతే అసలు కథ. ఈ ఇంజన్‌లో ఆయిల్‌కు వేరే అర ఉండదు. పెట్రోల్‌లో కలిసి వచ్చేదే బేరింగులకూ పిస్టన్‌కూ దిక్కు. ఇలాంటి కిట్లకు సాధారణంగా చెప్పే కొలత, కొత్త ఇంజన్ కుదురుకునేదాకా పదహారు పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్, తర్వాత ఇరవై పాళ్లకు ఒకటి. అంటే లీటరుకు 50 మిల్లీలీటర్లు. చేతక్ తోలిన తాతలు బంకులో ఆయిల్ కలిపించుకోకుండా కదిలేవారు కాదు. మనవడు మాత్రం "పొగ ఎక్కువొస్తోంది, ప్లగ్గు నల్లబడుతోంది" అని ఆ కాస్త ఆయిల్‌నూ సగానికి తెగ్గోశాడు. పొగ నిజంగానే తగ్గింది. పట్టేసిన ఇంజన్ అసలు పొగే వదలదు కదా!

ఆయిల్ సరిగ్గా పోసేవాళ్లకూ నిరాశ అక్కర్లేదు, వాళ్లకోసం ప్యాకింగ్ ఉంది. కార్బొరేటర్ నుంచి సిలిండర్‌కు వెళ్లే దారిలో ప్యాకింగ్ సరిగ్గా కూర్చోకపోయినా, క్రాంక్ దగ్గర ఆయిల్ సీల్ కారినా లోపలికి దొంగగాలి దూరుతుంది. గాలి పెరిగి, పెట్రోలూ దానితో వచ్చే ఆయిలూ తగ్గుతాయి. వేడి పెరిగి పిస్టన్ తల కరిగేదాకా వస్తుంది. చావు ముందు ఇంజన్ కొన్నిసార్లు మామూలు కంటే హుషారుగా అరుస్తుంది. ఆ అరుపును మనవాడు "నా ట్యూనింగ్ చూడు మామా" అని వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంటాడు. అది ఇంజన్ మరణ వాంగ్మూలం అని ఎవరూ చెప్పరు.

ఇంకా వాలులో గేర్ల గొడవ లేని హాయి ఒకటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి, క్లచ్ పట్టకుండా బండిని దొర్లిస్తాడు. చక్రం ఇంజన్‌ను గిరగిరా తిప్పుతూనే ఉంటుంది, పెట్రోల్ ఆగింది కాబట్టి ఆయిలూ ఆగుతుంది. ఖర్చు లేని ప్రయాణం అనుకున్న ఆ దిగుడులోనే బేరింగులు ఎండిపోతాయి. అదురుకు హెడ్ నట్లు వదులవుతాయి, సైలెన్సర్ స్టడ్లు విరుగుతాయి. వాటిని మళ్లీ బిగించే తీరిక ఎవరికుంది? బండికి స్టిక్కర్లు అంటించే పని ఇంకా మిగిలే ఉంది.

టూ స్ట్రోక్‌ను చిన్నచూపు చూసే పై తరగతి మేధావులు వేరే ఉన్నారు. వీళ్లది నీళ్ల పంపుకో జనరేటర్‌కో వాడే 200 సీసీ దగ్గరి ఫోర్ స్ట్రోక్. హోండా జీఎక్స్ 200, 196 సీసీ, దానికి లెక్కలేనన్ని నకళ్లు. అమెరికాలో ఇంట్లో మినీబైకులు కట్టుకునేవాళ్లకూ ఇవే ప్రాణం. నిమిషానికి సుమారు 3,600 చుట్ల దగ్గర వేగాన్ని పట్టి ఉంచే గవర్నర్ ఇందులో ఉంటుంది. మేధావి చేసే మొదటి పని దాన్ని పీకేయడం. ఆయిల్ తగ్గితే ఇంజన్‌ను ఆపేసే స్విచ్ కొన్నిటికి ఉంటుంది, అది "ఊరికే బండి ఆపేస్తోంది" కాబట్టి రెండో పని దాని వైరు కోసేయడం. తిరిగే వేగం రెట్టింపైతే కనెక్టింగ్ రాడ్ మీద పడే గుంజుడు నాలుగు రెట్లవుతుంది. లోపలున్నదేమో పంపు తోలడానికి పోత పోసిన అల్యూమినియం రాడ్. అది తెగి, ఇంజన్ గోడకు కన్నం పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చినప్పుడు మేధావి తీర్పు: "రాడ్ క్వాలిటీ లేదు బ్రో." ఆడలేక మద్దెల ఓడన్నవాడు కనీసం ఆ మద్దెలను పగలగొట్టలేదు.

రోడ్డు అన్నాను కాబట్టి ఒక్క మాట. మన మోటారు వాహనాల చట్టంలో మినహాయింపు 25 సీసీ మించని చిన్న ఇంజన్ బళ్లకే. అది దాటితే రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. బ్రేకులేమో సైకిల్‌వే, రిమ్మును పట్టుకునే రెండు రబ్బరు ముక్కలు. ఇంజన్ తొందరగా పోవడం ఒక్కోసారి వీధిలో పిల్లల పుణ్యం అనిపిస్తుంది.

వెంటనే ఒక జవాబు వస్తుంది: "రైట్ సోదరులు కూడా సైకిల్ షాపు వాళ్లే సార్!" నిజమే. వాళ్ల ఇంజన్ కూడా పోయింది. 1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుంటే పెట్రోల్ చుక్కలు పడి బేరింగులు పట్టేశాయి, ఇంజన్ గుల్ల పగిలింది. వాళ్లూ కొత్తది పోత పోయించుకున్నారు, డిసెంబర్ 17న ఎగిరారు. ఇక్కడిదాకా మనవాడి కథే. తేడా ఒక్కటే: ఏది కారి, ఎక్కడ పడి, ఏది పట్టేసిందో వాళ్లకు తెలుసు. అంతకు ముందు 1901లో గ్లైడర్ అనుకున్నంత లేవకపోతే గుడ్డ మంచిది కాదని ఇంకో తాను కొనుక్కోలేదు. గాలి సొరంగం కట్టి, సుమారు 200 రెక్కల నమూనాలు పరీక్షించారు.

మనవాడికి గాలి సొరంగం అక్కర్లేదు. ఒక పానా చాలు. ప్లగ్గు విప్పితే తెల్లగా కాలి ఉందో, టీ డికాషన్ రంగులో ఉందో, నల్లగా తడిసి ఉందో కనిపిస్తుంది. సిలిండర్ లేపితే పిస్టన్ మీద గీతలు ఏ వైపున్నాయో తెలుస్తుంది. పిస్టన్ పిన్ను క్లిప్పు ఊడి గోడను గీరిందో లేదో వేలికే తగులుతుంది. కాసేపటి పని. కానీ ఈ పనిలో ఒక పెద్ద ప్రమాదం ఉంది: లోపల చైనా కనిపించకపోవచ్చు, తానే కనిపించవచ్చు. అందుకే పాత ఇంజన్ విప్పకుండానే ఇనప సామాన్లవాడి తక్కెట్లోకి పోతుంది, సాక్ష్యం కిలోల్లెక్కన అమ్ముడవుతుంది.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక మనవి. ఈ శాస్త్రవేత్తలను తప్పకుండా ప్రోత్సహించాలి. శాలువాలు ఆపొద్దు. ఒక్క నిబంధన మాత్రం పెట్టాలి: పోయిన ఇంజన్ విప్పి, పోవడానికి కారణం సొంత చేతిరాతతో రెండు వాక్యాలు రాసి ఇచ్చినవాడికే రెండో ఇంజన్ అమ్మాలి. "చైనా" అనే మాట ఆ కాగితంలో చెల్లదు. ఈ నిబంధన వచ్చిన మర్నాడే "ఆవిష్కర్తలను అణగదొక్కుతున్నారు" అంటూ ధర్నాకు దిగే మొదటి మనిషి కిట్లు అమ్మే వ్యాపారి. ఆయనకు లెక్క తెలుసు: మొదటి ఇంజన్ ముచ్చటపడ్డవాడు కొంటాడు, వ్యాపారం నడిచేది మాత్రం కారణం అడగనివాడు కొనే రెండోదాని మీదా, మూడోదాని మీదా.