ఎడమ పాదం కింద

టీవీలో మీరు నన్ను చూసి ఉండరు. స్టీరింగ్‌ని చూపిస్తారు, హెల్మెట్‌ని చూపిస్తారు, టైర్లు మార్చినా చూపిస్తారు. నేనుండేది కారు ముక్కు లోపల, చీకట్లో. పోర్షే వాళ్ల ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ రేసు కారు, ఒకప్పటి 13వ నంబరు, దానికి బ్రేక్ పెడల్‌ని. డ్రైవర్ కుడి కాలు యాక్సిలరేటర్‌ది, ఎడమ కాలు నాది. రేసు మొత్తంలో అతని మనసులో మాట ముందు తెలిసేది నాకే. భయపడినా, తొందరపడినా, సందేహించినా ఆ పాదం దాచలేదు.

2023 సీజన్‌కి ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా మా జట్టుకి వచ్చాడు. పోర్చుగల్ మనిషి. 2019–20లో ఛాంపియన్. మా దగ్గరికి రాకముందు మూడు సీజన్లు టెచీటా జట్టులో జాన్ ఎరిక్ వెర్న్‌కి జోడీగా నడిపాడు. అంత పేరున్నవాడికి కొత్త కారు ఒక లెక్కా అని బయటివాళ్లు అనుకుంటారు. నాకు తెలిసినంతవరకూ మొదట అడ్డొచ్చేది ఆ అనుభవమే. పాత కారులో ఎక్కడ, ఎంత బలంగా నొక్కితే బండి ఎంత తగ్గుతుందో కాలికి బాగా తెలుసు. బుర్రని అడక్కుండానే నొక్కేస్తుంది. డిపో మారిన ఆర్టీసీ డ్రైవర్‌ని అడగండి, బస్సు అదే మోడలైనా క్లచ్ ఎక్కడ పడుతుందో కాలికి తెలిసేదాకా బండి అతని మాట వినదు. రేసులో ఆ కాస్త తేడాకే గోడ ఎదురొస్తుంది.

పైగా ఆ ఏడాది జట్టుతోపాటు కారు తరం కూడా మారింది. జెన్3 అంటారు. మామూలు కారులో నా పని సులువు. నొక్కితే ఆయిల్ తోస్తుంది, ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి. జెన్3లో వెనక చక్రాలకి హైడ్రాలిక్ బ్రేకులు తీసేశారు. వెనక 350 కిలోవాట్ల మోటారు, ముందు 250 కిలోవాట్ల మోటారు. అప్పట్లో ముందుది కారుని లాగేది కాదు, బ్రేక్ పడినప్పుడు కరెంటు పుట్టించడమే దాని పని. రెండూ కలిసి 600 కిలోవాట్ల దాకా వెనక్కి తెస్తాయి. రేసులో ఖర్చయ్యే శక్తిలో 40 శాతానికి పైగా ఇలా ఆగేటప్పుడు సంపాదించుకున్నదే. అంటే నన్ను నొక్కిన ప్రతిసారీ బ్యాటరీలో జమ పడుతుంది. నన్ను సరిగ్గా వాడుకోనివాడు ఎంత వేగంగా నడిపినా చివరి ల్యాపుల్లో చార్జి చాలక వెనకబడతాడు.

అసలు చిక్కు ఇంకొకటుంది. మోటార్లు ఎంత ఆపాలి, ముందు డిస్కులు ఎంత ఆపాలి అన్నది సాఫ్ట్‌వేర్ క్షణక్షణం తేలుస్తుంది. రేసు మొదట్లో బ్యాటరీ నిండుగా ఉంటుంది, వచ్చే కరెంటుని అంతగా తీసుకోలేదు, కాబట్టి డిస్కుల మీద భారం ఎక్కువ. చార్జి దిగేకొద్దీ మోటార్ల వాటా పెరుగుతుంది. లోపల ఇంత మారుతున్నా పాదానికి మాత్రం నేను మొదటి ల్యాపులోనూ ఆఖరి ల్యాపులోనూ ఒకేలా తగలాలి. ఛాసిస్, బ్యాటరీ, టైర్లు అన్ని జట్లకీ ఒకటే. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏ కంపెనీది ఆ కంపెనీకే. అందుకే పక్క జట్టు నుంచి వచ్చిన ఛాంపియన్‌కి కూడా నేను పరాయిదాన్నే. ఆ టైర్లు కూడా పాతవి కావు, మిషెలిన్ పోయి హాంకుక్ వచ్చాయి.

గ్యారేజీలో జరిగేది చూస్తే మీకు ముచ్చటేస్తుంది. మెకానిక్ వంగి నన్ను ఒకట్రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరుపుతాడు, మడమ ఆనే పలక సర్దుతాడు. ఆ తర్వాత ఇంజనీర్ల స్క్రీన్ మీద రెండు గీతలు. ఒకటి నాది, ఇంకొకటి సహచరుడు పాస్కల్ వేర్లైన్ కారులో ఉన్న నా కవలది. బ్రేక్ గీత నిటారుగా లేచి, తర్వాత వాలుగా దిగుతుంది. ఆ వాలు ఎక్కడ మొదలైందన్న దగ్గరే సెకనులో పదో వంతు దాగి ఉంటుంది. ఛాంపియన్ అయ్యాక కూడా పక్కవాడి గీతని చూసి నేర్చుకోవడానికి కూర్చున్నవాడంటే నాకు గౌరవం.

మొదటి మూడు రేసుల్లో ఆంటోనియోకి పోడియం దక్కలేదు. అవే రేసుల్లో వేర్లైన్ మెక్సికోలో రెండో స్థానం తెచ్చుకుని, దిరియాలో రెండు రేసులూ గెలిచాడు. కారులో లోపం లేదని అందరికీ తెలిసిపోయింది. కొత్త డ్రైవర్‌కి అంతకంటే బరువైన మాట ఉండదు. మరోవైపు లూకాస్ ది గ్రాసీ అనే ఇంకో డ్రైవర్ మహీంద్రాకి మారిన తొలి రేసులోనే, అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే పోల్ కొట్టి మూడో స్థానంలో నిలిచాడు. ఎవరికి ఎప్పుడు కుదురుతుందో ముందే చెప్పలేం.

తర్వాతది మీ హైదరాబాద్. 2023 ఫిబ్రవరి 11, భారతదేశంలో మొట్టమొదటి ఫార్ములా ఈ రేసు. హుస్సేన్ సాగర్ పక్కన, సెక్రటేరియట్, లుంబినీ పార్కు దగ్గర 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. నా దృష్టిలో ఆ ట్రాక్ ఆంటోనియోకి మేలు చేసింది. అక్కడ అంతకుముందు ఎవరూ రేసు నడపలేదు, ఏ కాలికీ పాత లెక్కలు లేవు. అది అతని వందో ఫార్ములా ఈ రేసు. పెనాల్టీల తర్వాత మూడో స్థానం ఖాయమైంది. గెలిచింది వెర్న్, అతనూ ఆ ఏడాదే కొత్త జట్టుకి వెళ్లినవాడు. ఫిబ్రవరి 25న కేప్‌టౌన్‌లో ఆ పాత జోడీనే ఆఖర్లో దాటి ఆంటోనియో గెలిచాడు. మరుసటి సీజన్‌లో బెర్లిన్, షాంఘైలలో ఒక్కోటి, పోర్ట్‌లాండ్‌లో రెండూ, మొత్తం నాలుగు రేసులు గెలిచాడు.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మళ్లీ జరగాల్సిన రేసు రద్దయింది. 2025–26 సీజన్‌కి ఆంటోనియో జాగ్వార్‌కి మారాడు. అక్కడ ఇంకో పెడల్, ఇంకో సాఫ్ట్‌వేర్. ఈసారి రేసు చూసేటప్పుడు మలుపుకి ముందు ఏ కారు ఎక్కడ నెమ్మదిస్తుందో గమనించండి. జట్టు మారిన డ్రైవర్ మొదటి మూడు రేసుల్లో వెనకబడితే, అతని పనైపోయిందని అప్పుడే తేల్చేయకండి.