సంకలనవ్రతుడు

ఏకాదశినాడు ఉపవసించువాడును, కార్తికమాసమున తెల్లవారకమునుపే చన్నీట మునుగువాడును మనకు క్రొత్తవారు కారు. కాని, ఏ యంత్రముపై తన లైబ్రరీ నడవదని దానిని వ్రాసినవాడే ముందుగా చెప్పి చేతులు కడుగుకొనెనో, ఆ యంత్రముపైననే దానిని నడపి తీరెదనని కంకణము కట్టుకొని, రాత్రి భోజనానంతరము ల్యాప్‌టాపు నెదుట పద్మాసనస్థుడగు సంకలనవ్రతుని మాత్రము మన వ్రతకల్పములలో నెచ్చటను గానము.

నేనెరిగిన వ్రతుడు హైదరాబాదులో మా పై అంతస్తున కాపురముండెను. పగలు ఆఫీసులో జావా వ్రాసి జీతము తెచ్చును. రాత్రి హాస్కెల్ వ్రాసి, పగలు చేసిన పాపమునకు ప్రాయశ్చిత్తము చేసికొనును. 1990లో తొలి నివేదిక వెలువడిన ఆ భాషకు హాస్కెల్ కర్రీ అను తర్కశాస్త్రవేత్త పేరు పెట్టిరని ఆయన యొకనాడు విస్తరి ముందు సగర్వముగా సెలవీయగా, వారి అత్తగారు, "ఆ కర్రీ పాయింటు మన వీధిలోదేనా, బాబూ?" అని యడిగినదట. ఆ పూట ఆయన మజ్జిగాన్నము ముట్టలేదు.

ఆయన కోరిన వరము పేరు వీటీవై. నల్లని టెర్మినల్ తెరపై రంగులు పూసి, గీతలతో పెట్టెలు కట్టి, కర్సరును చెప్పినచోట నిలబెట్టు లైబ్రరీ అది. 1978లో వచ్చిన వీటీ100 అను టెర్మినల్, అడ్డముగా 80 అక్షరములు, నిలువున 24 వరుసలు గల తన చిన్న తెరపై, 27వ సంకేతముతో మొదలగు ఆజ్ఞలకు తలయొగ్గినది మొదలు, ఆ ఆజ్ఞలే టెర్మినల్ ప్రపంచమునకు వేదమైనవి. అయితే మీటల నొత్తుడు నెప్పటికప్పుడు తెలిసికొనుటకు ఆ లైబ్రరీ ఆశ్రయించిన టెర్మియోస్ అనునది యూనిక్స్ కుటుంబపు ఆస్తి. విండోస్ కన్సోలుది వేరు గోత్రము, వేరు ఆచారము. మా వ్రతుని ల్యాప్‌టాపులో నున్నది విండోసే యని వేరుగ జెప్పనేల?

మొదట, కాన్ఫిగర్ స్క్రిప్టు నడవవలెనన్న మింగ్‌డబ్ల్యూ గాని సిగ్విన్ గాని యుండవలెనని ఎర్రరు వచ్చెను. గాని యను మాట ఆయనకు గిట్టదు. రెండును ఇన్‌స్టాల్ చేసెను. మరునాడు మెట్లపై నన్నాపి, తప్పిపోయిన బిడ్డను గూర్చి పోలీసుస్టేషనులో చెప్పువాని గొంతుతో, "టెర్మియోస్ హెడర్ ఫైలు కనబడలేదటండీ!" అనెను. అటుపై, ఏ ఫంక్షను మొరాయించిన దానిని కత్తిరించుచు, కిటికీ పరిమాణము మారినదని తెలుపు సిగ్నలు విండోసులో లేదు గనుక దానిని సైతము తొలగించి, యొక ఆదివారము తెల్లవారుజామున విజయధ్వానము చేసెను. బిల్డ్ అయినది, అవక యేమి చేయును? చేయవలసిన పని యొక్కటియు దానియందు మిగులలేదు.

నేనొకమారు తెలియక, "2016 నుంచీ విండోసులోనే లైనక్సు నడిపించుకోవచ్చు గదా, అందులో చేసుకోకూడదా?" అని సలహా యిచ్చితిని. ఆయన నన్ను జాలిగా చూచి, "మా ఇంట్లో పొయ్యి అంటుకోవడం లేదంటే, పక్కింట్లో వండుకోమంటారేంటండీ?" అనెను. నాకు సమాధానము తోచలేదు. ఆలోచించినకొలది, నేను ప్రక్కింటనే వండుకొను జాతివాడనని తేలి కొంచెము సిగ్గుపడితిని గూడ.

2023లో 6వ కూర్పుతో ఆ లైబ్రరీ అన్నదమ్ములవలె వేరుపడి, యూనిక్స్ భాగము వేరింటి కాపురము పెట్టెను. తరువాత విండోసునకును ఒక శాఖ వెలసెను. ఇక నొక్క ఆజ్ఞతో అంతయు తనంత దిగుమతియగును. శుభవార్త గదా యని పైకెక్కి చూతును గదా, మూడు తరముల భూమి దావా రాజీయైన నాటి కక్షిదారునివలె ఆయన చేతులు జారవేసి కూర్చుండియుండెను.

అలవాటు చొప్పున ప్రోగ్రాము నడపెను. రంగుల పెట్టె చక్కగా వచ్చెను. దాని నడుమ, ఏ పనికైనను మనవారు చుట్టు శ్రీకారమును తానును చుట్టెను. శ, పొల్లు, ర, గుడిదీర్ఘము: కంప్యూటరు లెక్కకు నాలుగు సంకేతములు, మన కంటికి ఒక్క అక్షరము, టెర్మినలునకు ఎన్ని గళ్ళో దానికే తెలియదు. తెరపై "శ్‌రీ" అని విడివడి కనబడెను. పెట్టె కుడియంచు ఒక గడి ప్రక్కకు ఒరిగెను.

వ్రతుని ముఖమున క్రమముగా రక్తమాడెను. వెన్ను నిటారైనది. లోపలినుండి ఇల్లాలు తెచ్చిన కాఫీగ్లాసును అక్కడ పెట్టబోయి, ఆయన వంక ఒక్క క్షణము చూచి, మారు పలుకక వెనుకకు తీసికొనిపోయి ఫ్లాస్కులో పోసెను.