ఎదిగే పిల్లాడికి వదులు మైదానం

బడులు తెరిచే ముందు నరసరావుపేట బట్టల కొట్లో యూనిఫాం ఎలా కొంటారో తెలిసిందే. ఎదిగే పిల్లాడు కదా, రెండేళ్ళకు సరిపోవాలని భుజాలు జారేది తీసుకుంటారు. పన్నెండేళ్ళ కుర్రాణ్ణి వీధి క్రికెట్ నుంచి పెద్ద మైదానానికి తేవాలన్నా ఇదే పద్ధతి పాటించండి. నిన్నటిదాకా వాడు మాచర్ల సందులో, మిద్దె మీద పడితే ఔట్ అనే చట్టం కింద, అరవై గ్రాములు కూడా తూగని టెన్నిస్ బంతితో ఆడాడు. ఇవాళ వాడి చేతిలో 156 గ్రాముల తోలు బంతి పెట్టి, 22 గజాల అవతలున్న వికెట్లు చూపించండి. మధ్యలో మెట్టు కట్టకండి. మెట్లు అలవాటైతే పిల్లలు దూకడం మానేస్తారు. బ్యాటు వాళ్ళ నాన్న ఎత్తుకు సరిపోయేది కొనిపించండి. సమ్మర్ క్యాంపు మే నెలలోనే పెట్టండి, వీలుంటే ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో.

22 గజాల దగ్గర మాత్రం అంగుళం కూడా తగ్గొద్దు. అది శాస్త్రం, 1744 నాటి నిబంధనల్లోనే ఉంది. కాకపోతే ఆ శాస్త్రం పిల్లల ఎముకలది కాదు, పొలాలది. ఇంగ్లండులో భూమి కొలిచే గొలుసు పొడవు సరిగ్గా 22 గజాలు, ఎకరం లెక్క వచ్చింది కూడా ఆ గొలుసు నుంచే. కాబట్టి మైదానాన్నీ సెంట్లలోనే కొలుద్దాం. బౌండరీ 60 మీటర్ల దూరాన గీస్తే లోపల దాదాపు 2 ఎకరాల 80 సెంట్లు. పదకొండు మందికి పంచితే తలా పాతిక సెంట్లు. ఇల్లు కట్టుకోవడానికి పట్టణంలో పేదవాడికి సెంటు చాలని లెక్కవేసిన రాష్ట్రంలో, ఏడో తరగతి పిల్లాడి కాపలాకు పాతిక సెంట్లు రాసివ్వడం చిన్న దానమేమీ కాదు. బౌండరీని 45 మీటర్లకు జరిపితే వాడి వాటా పద్నాలుగు సెంట్లకు పడిపోతుంది. అంటే దూరం తగ్గేది పావు వంతే, విస్తీర్ణం మాత్రం నూటికి నలభై నాలుగు పాళ్ళు పోతుంది. అంత నష్టానికి ఒప్పుకోకండి. ఇక పిచ్ మీద ఏం జరుగుతుందంటారా? బౌలర్‌కు అంత దూరం విసిరే బలం చాలదు గనక బంతిని గాల్లోకి లేపుతాడు. అది రెండు గెంతులేసి వస్తుంది, లేదంటే వైడ్ పోతుంది. ఎదురుచూసి విసిగిన బ్యాట్స్‌మన్, మోయలేని బ్యాటును అడ్డంగా ఊపుతాడు. బౌండరీ దగ్గరివాడు భుజం లాగేసేలా విసిరినా బంతి సగం దారిలోనే ఆగుతుంది. అప్పుడు మీరు వీడికి టాలెంట్ లేదని తేల్చేయవచ్చు. ఈ పద్ధతికి ఉన్న అసలు సుళువు ఇదే: తప్పు మైదానానిదని రాయడానికి స్కోరు పుస్తకంలో గడి లేదు.

ఆస్ట్రేలియా వాళ్ళకు ఇది అర్థం కాలేదు. అక్కడ పిల్లల్ని ముందు 16 మీటర్ల పిచ్ మీద, తర్వాత 18 మీటర్ల మీద, 142 గ్రాముల బంతితో ఆడించి, ఆ తర్వాతే పూర్తి పిచ్ ఎక్కిస్తారు. అలా ఆడించి చూస్తే వైడ్లు తగ్గాయి, బ్యాటుకు తగిలే బంతులు పెరిగాయి. క్రికెట్ చట్టాలు రాసే ఎంసీసీ సైతం 13 ఏళ్ళలోపు వాళ్ళకు 133 నుంచి 144 గ్రాముల బంతి చాలంటుంది. అమెరికాలో బేస్‌బాల్ ఆడే పిల్లలకైతే 46 అడుగుల నుంచి విసరడానికీ, పెద్దల దూరమైన 60 అడుగుల 6 అంగుళాలకూ మధ్య 50 అడుగుల మెట్టొకటి కట్టారు. పౌరుషం లేని దేశాలు. మన దగ్గర బాలచంద్రుడు బొంగరాలాడుతుంటే బొంగరం ఒకావిడ కాలికి తగిలి, ఆమె ఓ మాటంటే, అక్కణ్ణుంచి కారంపూడి రణరంగానికే నడిచాడు. మధ్యలో అండర్-14 యుద్ధమేదీ లేదు. ఆ కుర్రాడు తిరిగి రాలేదంటారా, ఏటా వీరుల ఉత్సవాలు ఘనంగానే చేస్తున్నాం కదా.

ఎవరైనా వచ్చి వికెట్లు దగ్గరికి పాతమంటే చెప్పడానికి జవాబులు సిద్ధంగా ఉంచుకోండి. ఎప్పటికైనా 22 గజాల్లోనే ఆడాలి కదా అనండి. నిజమే, ఎప్పటికైనా సైకిల్ దిగి లారీ తోలాల్సినవాళ్ళూ ఉంటారు. చిక్కేమిటంటే, వదులు చొక్కా ఒళ్ళు పెరిగితే సరిపోతుంది గానీ, పన్నెండేళ్ళప్పుడు పట్టుబడిన అడ్డం ఊపు పదహారేళ్ళకు సరికాదు. ఒంటితోపాటు అదీ బలుస్తుంది. ఈ తేడా ఎవరూ పట్టుకోకముందే రెండో జవాబు అందుకోండి: సచిన్ పదహారేళ్ళకే టెస్టు ఆడలేదా? ఆడాడు. సాగర్ కుడికాలువలో పడి ఈదుకుంటూ ఒడ్డెక్కినవాణ్ణి చూపించి, పిల్లలందరికీ ఈత అలాగే నేర్పాలనడం లాంటిది ఇది. ఒడ్డెక్కినవాడి పేరే మనకు తెలుస్తుంది. రెండో వేసవికి క్యాంపు మొహం చూడని పిల్లల పేర్లు ఎవరూ రాసుకోరు.

డబ్బు లేదన్న మూడో జవాబు మాత్రం జాగ్రత్తగా వాడండి. వేరే మైదానం కొనక్కర్లేదు, ఉన్నదాంట్లోనే వికెట్లు పీకి నాలుగు గజాలు ఇవతల పాతి, బౌండరీ లోపలికి ఇంకో గీత గీస్తే సరిపోతుంది. సున్నబట్టీల పిడుగురాళ్ళను పక్కన పెట్టుకుని గీత గీయడానికి సున్నం లేదంటే గురజాలలో కూడా ఎవరూ నమ్మరు. అంతకన్నా తల్లిదండ్రుల పేరు చెప్పడం మేలు. ఫీజు కట్టింది 22 గజాలకు. నాలుగు గజాలు తక్కువిచ్చారని తెలిస్తే ఆ మేరకు డబ్బు వెనక్కి ఇమ్మంటారు.