సెకనుకి పాతిక బొమ్మలు

మెట్ల కింద, మూత ఊడిన కూలరుకీ గట్టిపడిన సిమెంటు బస్తాకీ మధ్య నన్ను ఇరికించి రెండేళ్ళయింది. నా ఫ్యాను రెక్కల్లో సాలీడు కాపురం పెట్టింది. నిన్న మా ఓనరు పాత ఇనప సామాన్లవాణ్ణి పిలిచి చూపించాడు. వాడు నన్నొకసారి పైకెత్తి, కిలోల లెక్కన రేటు చెప్పాడు. గుడివాడ, బందరు, అవనిగడ్డ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ మోసిన ఒళ్ళు ఇది. ఆదివారం వచ్చి పట్టుకెళ్తాడట.

2006లో విజయవాడలో నన్ను బిగించారు. ఏ ముక్క ఏ దేశంలో పుట్టిందో నాకూ తెలీదు, వదిలేయండి. గుడివాడ బస్టాండుకి కూతవేటు దూరంలో ఒక స్టూడియో వెనకగదిలో దించి, పసుపు రాసి బొట్టు పెట్టి, ఎడియస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. అప్పట్నుంచీ నేను పెళ్ళి వీడియోలు కోసి అతికే మిక్సింగ్ కంప్యూటర్ని. కొత్త పెళ్ళి మొదలెట్టినప్పుడల్లా ముందు ఒకటే అడిగేదాన్ని: మన టీవీల పాల్ 25 పెట్టనా, అమెరికావాళ్ళ ఎన్‌టీఎస్‌సీ 29.97 పెట్టనా?

సెకనుకి పాతిక బొమ్మలన్న అంకె ఎవరో సరదాకి పెట్టింది కాదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. అందులో సగం మన టీవీ బొమ్మల లెక్క. అమెరికాలో కరెంటు 60, టీవీకి 30. 1953లో రంగుల టీవీ కోసం ఆ ముప్ఫైని కాస్త తగ్గించి 29.97 చేసుకున్నారు. డాలస్‌లో ఉన్న అల్లుడికి మన పాతిక లెక్కలో కొట్టిన డీవీడీ పంపిస్తే, అక్కడి ప్లేయరు మొహం తిప్పేసుకునేది.

సినిమాది ఇంకో లెక్క, 24. మన దగ్గర సినిమాని టీవీకెక్కించేటప్పుడు 25 వేగంతో తిప్పేసేవాళ్ళు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోయేది. అంటే మా గుడివాడ పక్క చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతు కూడా టీవీలో ఒక పిసరు హెచ్చు శ్రుతిలో వినపడిందన్నమాట. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నేనైతే పట్టించుకునేదాన్ని, నా పనే అది.

బొమ్మకీ మాటకీ పొత్తు కుదర్చడంలో మా ఊళ్ళవాళ్ళకి పాత పేరుంది. బందరులో పుట్టి, మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్యనాయుడు 1910లో క్రోనోమెగాఫోన్ తెప్పించారు. ఒక పక్క ఫిల్ము, ఇంకో పక్క గ్రామఫోను రికార్డు, రెండూ కలిసి నడవాలి. ఆ యంత్రం నాకు ముత్తాత వరస. దాన్ని బర్మా, సింహళం దాకా తిప్పారు. నన్ను మెట్ల కిందకి తిప్పారు.

టేపుల కాలంలో నాకు మచ్చ లేదు. కెమెరా 25, నేను 25, టీవీ 25. మాఘమాసంలో రాత్రీ పగలూ మిక్సింగ్ నడిచేది. అప్పగింతల్లో తల్లి పెదవి వణికితే ఆ వణుకు ఉన్నదున్నట్టు వచ్చేది. తరవాత ఫోన్లొచ్చాయి. ఒక కొత్త కుర్రాడూ వచ్చాడు. నా మొదటి ప్రశ్న తెరమీద కనపడగానే చదవకుండా ఓకే కొట్టేవాడు.

ఒక పెళ్ళికి ఎదురుమొండి నుంచి మగపెళ్ళివారు పంటు మీద కృష్ణ దాటుతుంటే ఎవరో ఫోన్లో తీశారు. ఫోను లెక్క 30. నా టైంలైను 25. ప్రతి ఆరు బొమ్మల్లో ఒకటి పారేస్తే తప్ప నాకు సరిపోదు, పారేశాను. గట్టు మీద కొబ్బరిచెట్లు నడవడం మానేసి గెంతడం మొదలెట్టాయి. "ఈ డబ్బా పాతదైపోయింది అన్నా, జర్కులు కొడతంది" అన్నాడు కుర్రాడు. జర్కు నాదా?

తలంబ్రాలది మరీ అన్యాయం. ఐదు సెకన్ల తలంబ్రాల్ని స్లో మోషన్‌లో పది సెకన్లు చేయమన్నారు. పదికి 250 బొమ్మలు కావాలి. 25 మీద తీసినవి నా దగ్గరున్నవి 125. ప్రతి బొమ్మనీ రెండేసిసార్లు చూపించాను. మధ్య బొమ్మలు నువ్వే ఊహించి గియ్యమన్నారు, గీశాను. బియ్యపు గింజలు ఒకదాన్లో ఒకటి కరిగి గంజిలా సాగాయి. పెళ్ళికూతురి తల్లి వచ్చి, "ఏం బాబూ, మా పిల్ల నెత్తిన బియ్యం ఆగాగి, సాగిసాగి పడతన్నయ్యేంటి?" అనడిగింది. ఓనరు నా నెత్తిన ఒక్కటిచ్చాడు. తీసేటప్పుడే కెమెరాలో 50 పెట్టుకునుంటే గింజగింజా విడివిడిగా, దూదిలా దిగేది.

కూచిపూడిలో ఒక పిల్ల నాట్యం గంటసేపు ఫోన్లో తీసుకొచ్చారు. ఫోను వెలుతురు తగ్గితే బొమ్మల వేగం తనంతట తనే తగ్గించుకుంటుంది, ఒకసారి 30, ఒకసారి 24. మొదట్లో పాదమూ గజ్జే కలిసే ఉన్నాయి. చివరికొచ్చేసరికి పాదం నేలకి తగిలాక గానీ గజ్జె మోగలేదు. తాళం తప్పిందని ఆ పిల్లనే అనుకున్నారు పాపం. హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ముందే వేగాన్ని ఒకే అంకెకి కట్టేసి నాకిస్తే సరిపోయేది.

ట్యూబులైట్ల కింద ఫోన్లో తీసినవాటికి చారలు పడ్డా నాదే తప్పు. ఆ లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 25 మీద, షట్టరు సెకనులో యాభయ్యో వంతుకి పెట్టి తీస్తే చార రాదు.

చివరికి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చారు. సన్నగా ఉంటుంది, మాటపడదు. అందులో వేసిన డావిన్చీ రిజాల్వ్‌లో ఒకసారి క్లిప్పులు దించాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు. అంకె ముందే చూసుకోవాలి. కుర్రాడు ఇప్పుడు చదివి మరీ నొక్కుతున్నాడు. నా దగ్గర నేర్చుకోని బుద్ధి దాని దగ్గరొచ్చింది.

నా పక్కన గోతంలో మినీ డీవీ టేపులున్నాయి. తీసుకెళ్ళనివాళ్ళవి, బాకీ తీర్చనివాళ్ళవి. బందరు, నాగాయలంక, మోపిదేవి అని అట్టల మీద రాసుంది. వాటిని దించాలంటే ఫైర్‌వైర్ తీగ కావాలి. ఆ తీగ పట్టే బెజ్జం ల్యాప్‌టాప్‌కి లేదు, నా వెనకుంది. మీ బీరువాలో కూడా అలాంటి టేపులుంటే పట్టుకుని రండి, 25లోనే దించుకోండి. ఆదివారం లోపల.