నా కాయిల్‌ను ఎవరూ అడగలేదు: ఒక చేతక్ ఆత్మకథ

నేను చేతక్ స్కూటర్‌ను. పుణె దగ్గరి ఆకుర్డిలో పుట్టాను. రాణా ప్రతాప్ గుర్రం పేరును 1972లో మా వంశానికి పెట్టారు. మా కోసం డబ్బు కట్టి జనం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన కాలం అది. నేను చేరింది రామకృష్ణాపూర్‌లో బొగ్గుబాయికి పోయే ఒక కోల్‌ఫిల్లర్ ఇంటికి.

రాత్రి 11 గంటల పాళీకి ఆయన్ని బాయి దగ్గర దింపింది నేనే, తెల్లారి 7 దాటాక ఇంటికి తెచ్చిందీ నేనే. బాయిలో దిగితే ల్యాంప్‌రూమ్‌లో ఇచ్చిన టోపీ దీపం ఉండేది. బాయి దాకా మాత్రం నా దీపమే ఆయనకు దిక్కు. ఆ పని ఏనాడూ తప్పలేదని గర్వంగా చెప్పుకుంటాను.

అప్పట్లో నాకు బ్యాటరీ లేదు. ఇంజను తిరిగితే ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తిరిగి, లోపలి కాయిల్‌లో 6 వోల్టుల ఏసీ కరెంటు పుడుతుంది. ఎక్స్‌లేటర్ ఇస్తే దీపం తెల్లబడుతుంది, వదిలితే డీలా పడుతుంది. క్యాతనపల్లి రైల్వే గేటు పడ్డప్పుడల్లా నా దీపం నిప్పుకణికలా ఎర్రగా మిగిలేది. ఆ కాలపు స్కూటర్ల తీరే అది. వయసు పైబడ్డాక వైర్ల అతుకులకు తుప్పు పట్టింది. 6 వోల్టులలో ఒక్క వోల్టు దారిలో పోతే చాలు, ఫిలమెంట్ బల్బు వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది.

ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి మారారు. కొడుకు కొత్త బైకు కొన్నాడు. నన్ను ఇంటి వెనక రేకుల కింద నిలబెట్టారు. మొదట సీటు మీద గోనెసంచి కప్పారు, తర్వాత ఆ గోనెసంచి మీదనే పొయ్యికట్టెలు పేర్చారు. స్టెప్నీ ఎవరికో ఇచ్చేశారు. ట్యాంకులో ఆయిల్ కలిపిన పెట్రోలు ఎండిపోయి జిగురు మిగిలింది. నా ఫుట్‌బోర్డు మీద ఒక కోడి పొదిగి పిల్లల్ని చేసింది. దాని మీద నాకు కోపం లేదు, మీటరు అద్దం రాళ్లతో పగలగొట్టిన వాళ్ల మీద ఉంది. పాత ఇనుప సామాను కొనేవాడొచ్చి కిలో లెక్కన బేరమాడాడు. ముసలాయన నన్ను అమ్మలేదు. ఒక్కసారి తుడవనూ లేదు. ఆ తుడవకపోవడమే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఒక దసరాకు కొడుకు నన్ను బయటికి తీసి బాగుచేయించి, ఎవరో మెకానిక్‌తో హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టించాడు. ఎల్‌ఈడీ కరెంటును ఒకవైపే పోనిస్తుంది, నా కరెంటేమో క్షణక్షణం దిక్కు మారుతుంది. అందుకే అది మిణుకుమిణుకుమంటూ అదిరింది. అసలు నష్టం వేరే ఉంది. అప్పటికి నాలో రెగ్యులేటర్ లేదు. పాత 25 వాట్ల బల్బు తాగే కరెంటే వోల్టేజీని అదుపులో ఉంచేది. దాన్ని పీకేశాక, ఎక్స్‌లేటర్ ఇవ్వగానే వోల్టేజీ ఎగిరి వెనక దీపం మాడిపోయింది. “పాత బండి, గింతే” అని మళ్లీ రేకుల కిందికి తోశారు. నింద నా మీద వేశారే గానీ, నా కాయిల్ ఎట్లా ఉందో ఒక్కరూ చూడలేదు.

చూసింది ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్న మనవరాలు. “తాతా, బల్బుతోని అయ్యే పని గాదిది, కాయిల్ మార్వాలె” అంది. ఫ్లైవీల్ ఊడదీయించి, లైటింగ్ కాయిల్‌ను సన్నటి రాగితీగతో రెట్టింపు చుట్లు చుట్టించింది. వోల్టులు దాదాపు రెట్టింపయ్యాయి. మునుపు కాయిల్ ఒక కొస నా ఒంటికే ఎర్త్ అయి ఉండేది. దాన్ని విడదీసి, రెండు కొసల్నీ రెగ్యులేటర్-రెక్టిఫయర్‌కు కలిపింది. అక్కడ డీసీగా మారిన కరెంటు చిన్న 12 వోల్టుల బ్యాటరీకి చేరుతుంది. ప్లగ్గుకు నిప్పురవ్వనిచ్చే కాయిల్ జోలికి మాత్రం పోలేదు. హారన్ కూడా మార్చి డీసీది పెట్టింది. నా రిఫ్లెక్టర్ వంపు ఫిలమెంట్ ఉండే చోటును బట్టి తీర్చింది కాబట్టి, ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా అదే చోట ఉన్న బల్బు వెతికి తెచ్చింది. లేకుంటే వెలుగు రోడ్డు మీద పడక ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

కొత్త దీపానికి పాతదాని వాట్లలో సగం కూడా అక్కర్లేదు. మిగిలింది బ్యాటరీకి పోతుంది. ఇంజను నెమ్మదించినా వెలుగు తగ్గదు. “మా టోపీ దీపాలు గూడ గిట్లనే మారినయి బిడ్డా” అన్నాడు ముసలాయన, నా హ్యాండిల్ తుడుస్తూ.

మొన్న పక్కింటాయన తన పాత స్కూటర్ నెట్టుకొచ్చి, “నాకూ గట్ల తెల్లలైటు పెట్టు” అన్నాడు.

“ముందుగాల కాయిల్ చూద్దాం కాకా” అని ఆ పిల్ల ఫ్లైవీల్ పుల్లర్ అందుకుంది.